పడమటి మెట్లు

గుణుపురం మైదానానికి పడమట మూడు మెట్లు.
మూడూ మావే.
టికెట్టు లేదు, రసీదు లేదు,
పాతికేళ్లుగా అరిచిన గొంతే మా పట్టా.

ఇక్కడ తెలుగులో తిడతాం,
ఒడియాలో బతిమాలుకుంటాం,
గోలు కొడితే మాత్రం
ఏ భాషా కాని ఒకటే కేక.

రాయగడ జట్టుతో నాలుగు-ఒకటి.
నాలుగోది దసమంతు కాళ్ల సందులోంచి
మేకపిల్ల దడి దూరినట్టు దూరింది.
అప్పుడు మెట్ల మీంచి లేచిన మాటలు
ఇక్కడ రాయను.
వాటిలో రెండు నావి.

జెర్సీలు కుట్టేది నేనే.
దసమంతు సబర్ ఛాతీ ముప్పై ఒకటిన్నర అని
టేపు పట్టి చూసినవాణ్ణి.
ఎదిగే పిల్లాడు కదాని
చంకల కింద అంగుళం గుడ్డ లోపలికి మడిచి
దాచిపెట్టినవాణ్ణి.
అయినా తిట్టాను.

మర్నాడు వాడు ప్రాక్టీసుకి రాలేదు.
ఆ మర్నాడూ రాలేదు.
మూడోనాడు పొద్దున్న కొట్టు తలుపు తీస్తే
గడియకి వేలాడుతూ గ్లవ్స్,
ఎవరివో రెండు చేతులు
వద్దంటున్నట్టు.

ఆదివారం మీటింగు.
మెట్లు బాగుచేసుకోవాలని ఎజెండా.
బెహరా మాస్టారు సున్నం వేయిద్దామన్నారు.
ఇనుపకొట్టు పొట్నూరు వారబ్బాయి
పైన రేకు తనదేనన్నాడు,
రేకు మీద కొట్టు పేరూ తనదేనన్నాడు.
ఇంకెవరో మైకు కావాలన్నారు.

"ఉన్న గొంతులు సాలవేటి?"
పల్లీల తవిటమ్మ
గంప దించకుండానే అడిగింది.
"మీరు కూకున్నాక ఆ మెట్లు అవుపిస్తాయేటి బాబూ,
సున్నాలెయ్యడానికి?"

ఎవరూ నవ్వలేదు.
తర్వాత అందరం నవ్వాం.
ఆ తర్వాత చాలాసేపు
పల్లీ తొక్కల చప్పుడు.

రూలు ఎవరి నోట వచ్చిందో గుర్తులేదు.
తిట్టినవాడు
పది బంతులకి గోల్లో నిలబడాలి.
మొదటి పేరు నాది.

సాయంత్రం అయిదుంపావు. తూర్పు గోలు.
ఆరు గజాల చీర పరిచినా
ఇంకో రెండు గజాలు మిగిలే ఖాళీ,
దానికి కాపలా యాభై రెండేళ్ల మోకాళ్లు.
తలెత్తాను.

ఎదురుగా సూర్యుడు.
ఇన్నేళ్లూ మా వీపులు కాచినవాడే,
కొలిమిలోంచి లాగిన కర్రులా నేరుగా కళ్లలోకి.
మెట్లు లేవు. మొహాలు లేవు.
నల్లటి తలకాయల వరస ఒకటి,
అందులోంచి మాట వస్తుంది,
బంతి వస్తుంది,
ఏది ముందొస్తుందో తెలీదు.

తొమ్మిది లోపలికి పోయాయి.
పదోది నా మూతికి తగిలి ఆగింది.
ఆపాడు ఆపాడన్నారు, మర్యాదకి.

వాచిన పెదవితోనే వంశధార దాటాను.
తప్పయిందనడానికి సవర మాట ఒకటి
తవిటమ్మనడిగి నేర్చుకున్నాను,
సైకిలు చెయిను ఊడినప్పుడు
అదెక్కడో పడిపోయింది.
దసమంతు జీడిపిక్కలు ఆరబోస్తున్నాడు.
సంచిలోంచి టోపీ తీసిచ్చాను,
ముందుకి నాలుగువేళ్ల అంచు,
రాత్రి కుట్టింది.

పెట్టుకున్నాడు. కనుబొమల మీదికి జారింది.
"వదులు," అన్నాడు.
"ఎదుగుతావుగా," అన్నాను.
"తల ఎదగదు కదా, బాబాయ్,"
అని నా పెదవి చూసి
కాస్త నవ్వాడు.

ఈ నెల మళ్లీ రాయగడతో.
రెండు-ఒకటి. ఓడిపోయాం.
టోపీ వెనక పిన్నీసు పెట్టాను, నిలిచింది.
సున్నం ఇంకా పడలేదు, రేకు మీద పేరు
ఎన్ని అడుగులుండాలో తేలలేదు.
ఆట మొత్తానికి
మెట్ల మీంచి ఒక్క తిట్టే వినిపించింది,
అదీ రిఫరీకి.
నాదే.

మంగళవారం కుర్రాళ్ల ఆట ఉందట.
విజిలు పట్టుకుని
నన్ను రమ్మన్నారు.